పాటకు చోటు: బెజవాడలో మన సభ యాభై ఏళ్లు

స్వర్ణోత్సవ సంచికకు సభ చరిత్ర రాసివ్వమని కార్యవర్గం నన్ను కోరింది. మినిట్స్ పుస్తకాలు, రసీదు కట్టలు, పాత కరపత్రాలు సంచిలో పెట్టి పంపించారు. దాతల పేర్లు, కార్యవర్గాల పేర్లు సంచిక చివర పట్టికల్లో విడిగా అచ్చవుతున్నాయి. అందుకని సభ పెట్టిన పెద్దలను ఇక్కడ సత్యనారాయణపురం వీధుల్లో మేమంతా పిలుచుకున్నట్టే పిలుస్తాను.

మన సభ పుట్టకముందే ఈ ఊళ్లో సంగీతం వేళ్లూనుకుని ఉంది. త్యాగరాజస్వామి శిష్యులు మానాంబుచావడి వెంకటసుబ్బయ్యగారు, వారి శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు, శాస్త్రిగారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు (1883–1951). పంతులుగారి దగ్గర చదువుకున్న పిల్లవాడు మురళీకృష్ణ ఎనిమిదేళ్ల వయసులో ఇక్కడి త్యాగరాజ ఆరాధనలో పూర్తి కచేరీ చేశాడు. అది విన్న హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతారుగారు ఆ పేరు ముందు ‘బాల’ చేర్చారు. ఆ బాలమురళీకృష్ణగారిని లోకమంతా తమవాడనుకుంటుంది, కానీ ఆయన గొంతు తొలిసారి సభలో నిండుగా వినిపించింది మన ఊళ్లోనే. వాయులీన విద్వాంసులు అన్నవరపు రామస్వామిగారిది కూడా పంతులుగారి శిష్యకోటే.

1948 డిసెంబర్ 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రం వచ్చింది. అంతవరకు విద్వాంసుడంటే జమీందారు ఆదరణ మీదనో, ట్యూషన్ల మీదనో బతకాలి. రేడియో నెల జీతం ఇచ్చి కళాకారులను ఈ ఊళ్లో నిలబెట్టింది. బాలాంత్రపు రజనీకాంతరావుగారు, ఓలేటి వెంకటేశ్వర్లుగారు, శ్రీరంగం గోపాలరత్నంగారు, మృదంగంలో దండమూడి రామమోహనరావుగారు అందరూ ఆ కేంద్రంలో పనిచేసినవారే. తెల్లవారుజామున భక్తిరంజని వింటూ పళ్లు తోముకున్న తరం మాది. ఓలేటివారి సంగీత శిక్షణ పాఠం వస్తుంటే వంటింట్లో అమ్మలు గరిట పక్కన పెట్టి గొంతు కలిపేవారు. బాలమురళిగారు ప్రిన్సిపాలుగా పనిచేసిన ప్రభుత్వ సంగీత కళాశాల, తర్వాత ఘంటసాల పేరు పెట్టుకున్నది, ఏటేటా పాడేవారిని తయారుచేసింది. కాబట్టి బెజవాడలో పాడేవారికి కొదవ లేదు, వినేవారికి అంతకన్నా లేదు. తీరిగ్గా కూర్చుని వినే చోటే కరువైంది.

శ్రీరామనవమి పందిళ్లుండేవి, కానీ తొమ్మిది రోజులయ్యాక తాటాకులు ఊడేవి. గాంధీనగరంలో హనుమంతరాయ గ్రంథాలయం ఉంది, ఊళ్లో నాటకాలకు పేరుపడ్డ దుర్గా కళామందిరం ఉండేది. తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రం ఉంది. మువ్వ క్షేత్రయ్యగారి పేరు ఉమ్మడి కృష్ణా జిల్లాలోనే ఒక రంగస్థలానికి పెట్టడం నాకు ఎప్పుడూ సంతోషం. అయితే అది పెద్ద హాలు. నూటయాభైమంది రసికులు వచ్చే కచేరీకి అందులో చాలావరకు కుర్చీలు ఖాళీగా ఉంటాయి, తంబుర శ్రుతి వెనక వరసకు చేరేలోపే పలచబడుతుంది.

ఈ కరువు చూసి మన సభను పెట్టినవారు ఇద్దరు. ఒకరు గూడ్సు ఆఫీసులో గుమాస్తా, మేమంతా ‘రైల్వే బాబాయిగారు’ అనేవాళ్లం. రెండోవారు వీణ పాఠాలు చెప్పే ‘టీచరమ్మగారు’. ఈ ఇద్దరినీ నేను దగ్గరనుంచి ఎరుగుదును. వాళ్ల గురించి ఎంత రాసినా నాకు తక్కువే అనిపిస్తుంది.

సభ దగ్గర డబ్బు లేదు. బాబాయిగారి దగ్గర మాత్రం రైల్వే టైంటేబిల్ ఉంది. మద్రాసునుంచి కాకినాడకో విశాఖకో కచేరీకి వెళ్లే ప్రతి విద్వాంసుడూ బెజవాడ జంక్షను దాటాల్సిందే. ఎవరు ఏ తేదీన ఎటు వెళ్తున్నారో ఆయా ఊళ్ల సభలకు ఉత్తరాలు రాసి తెలుసుకునేవారు. మెయిలు ఆగగానే ప్లాట్‌ఫారం మీద పెట్టె దగ్గర నిలబడి, “ఏవండీ, తిరుగు ప్రయాణంలో ఒక్క పూట మా ఊళ్లో దిగండి. భోజనం మా ఇంట్లో, బస మా ఇంట్లో, సంభావన మాత్రం మా శక్తి కొద్దీ” అని దండం పెట్టేవారు. రానుపోను ఖర్చు తప్పేది గనుక చిన్న మొత్తానికే పెద్దవాళ్లు పాడారు. కాఫీ ఫ్లాస్కు, వేడి ఇడ్లీ పొట్లం, మరుసటి బండికి బెర్తు, అన్నీ ఆయనే చూసేవారు. పక్కవాద్యాలకు మన రేడియో విద్వాంసులు సాయంపట్టేవారు.

టీచరమ్మగారి ఇంటి ముందు హాలే మన మొదటి వేదిక. గచ్చు నేల, ఎత్తైన పెంకుల కప్పు, రెండు వైపులా కిటికీలు. మైకు అక్కర్లేదు. ఆ హాల్లో వీణ మీటితే చివరి తీగ నాదం ఆగిపోయేదాకా వినబడేది. ఆ తర్వాత మనం డబ్బు పోసి అద్దెకు తీసుకున్న ఏ హాల్లోనూ అలాంటి నాదం నేను వినలేదు. ఆవిడ పిల్లల దగ్గర ఫీజు అడగలేదు, పిల్లలు తెచ్చింది తీసుకునేవారు. జంపఖానాలు కూడా ఆవిడవే.

తొలినాళ్లలోనే 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. ఆ ఏడాది చందాలన్నీ బాధితులకే పంపాం. 1983లో ప్రభుత్వం సంగీత నాటక అకాడమీని రద్దు చేసింది. దానికి నిరసనగా బాలమురళిగారు రాష్ట్రంలో పాడనన్నారు. కొన్నేళ్లపాటు ఆయన పెరిగిన ఊళ్లో ఆయన పాట క్యాసెట్లలో విన్నాం. తొంభైలు, రెండువేల తర్వాతి దశాబ్దం ఒకేలా గడిచాయి: నెలకో కచేరీ, జనవరిలో ఆరాధన, లెక్కలు, సర్వసభ్య సమావేశం.

1988 సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. డిసెంబర్ 26న శాసనసభ్యులు వంగవీటి మోహనరంగాగారి హత్య జరిగింది. ఊరు అంటుకుంది. దుకాణాలు లూటీ అయ్యాయి, తగలబడ్డాయి, కర్ఫ్యూ పెట్టారు. జనవరి ఆరాధనకు అప్పటికే కరపత్రాలు అచ్చయి ఉన్నాయి. హాలుకు తాళం, బస్సులు లేవు, మృదంగ విద్వాంసుడు ఊరవతల చిక్కుకున్నారు. ఈసారికి మానేద్దామని కార్యవర్గంలో చాలామంది అన్నారు. టీచరమ్మగారు ఒప్పుకోలేదు. “పంచరత్నాలకు ఎంతసేపు కావాలి? గంట. సడలింపు రెండు గంటలు ఇస్తున్నారు. రాగలిగినవాళ్లు రండి” అన్నారు.

పాలకీ కూరలకీ జనం పరుగెత్తే ఆ రెండు గంటల్లో రాగలిగినవాళ్లు టీచరమ్మగారి ఇంటికి పాటకు వచ్చారు. ఎవరు ఏ వీధివాడు, ఏ కులంవాడు అని కళ్లతోనే ఆరా తీసే రోజులవి. ఆ గచ్చు మీద అందరూ పక్కపక్కనే కూర్చున్నారు. మృదంగం లేదు, చేత్తో తాళమే. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగం ఐదూ సాంతం పాడాం. బాబాయిగారు రైల్వే గుర్తింపు కార్డు జేబులో పెట్టుకుని వీధి మలుపులో నిలబడి, గడియారం చూసుకుంటూ కాపలా కాశారు. మంగళం పాడి అందరం ఇళ్లకు చేరాకే సైరను మోగింది.

ఆ ఏడాది చందా ఇస్తానన్న బట్టల వ్యాపారి ఒకరి దుకాణం కాలిపోయింది. మేమెవరం అడగలేదు. వేసవిలో ఆయనే వచ్చి మొత్తం చేతిలో పెట్టి, “మాటిచ్చాను కదండీ” అన్నారు. ఈ సంచికలో దాతల పట్టిక చదివేటప్పుడు ఆ మాట గుర్తుంచుకోండి. ఆ పట్టికలో వన్‌టౌన్ బట్టల వర్తకులు, బీసెంట్ రోడ్డు దుకాణదారులు, గవర్నర్‌పేట మందుల షాపులవారు, ఆటోనగర్ మెకానిక్కులు, రైల్వే, బ్యాంకు, ఎల్ఐసీ ఉద్యోగులు, ఉపాధ్యాయులు, కరపత్రాలు అప్పుమీద వేసిచ్చిన ప్రెస్సువారు, మైకుసెట్టు కుర్రాళ్లు, కచేరీ రోజు కాఫీ కాచిన ఇల్లాళ్లు ఉన్నారు. టీచరమ్మగారి తర్వాత పాఠాలు కొనసాగించిన శిష్యురాళ్లకు, ఆడిటరుగారికి, కుర్చీలు మోసిన కాలనీ పిల్లలకు సభ రుణపడి ఉంది.

గౌరవంతోనే రెండు మాటలు చెప్పాలి. మద్రాసు విద్వాంసుడికి సంభావన, బస, సన్మానం ఇచ్చి, మన ఊరి విద్వాంసుడికి శాలువా, పూలదండతో సరిపెట్టే అలవాటు మన సభకు చాలాకాలం ఉంది. ఊరివాళ్లే కదా, ఏమీ అనుకోరులే అన్నారు. నేను రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాను, అది మినిట్స్‌లో ఉంది, తీర్మానం మాత్రం మారలేదు. ఇక్కడ నేర్చుకున్న పిల్లలు గుర్తింపు కోసం చెన్నై డిసెంబర్ సీజన్‌కు పరుగెత్తుతున్నారని బాధపడేముందు ఆ పేజీ చదవాలి.

రెండోది స్థలం. ఒక వార్షికోత్సవంలో వేదికనెక్కిన పెద్ద ఒకరు సభకు స్థలం ఇప్పిస్తామని మైకులో ప్రకటించారు, చప్పట్లు కొట్టాం. దరఖాస్తు ఇచ్చాం, మళ్లీ ఇచ్చాం. ఫైలు ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి తిరుగుతూనే ఉంది. ఈలోగా టీచరమ్మగారి ఇల్లు పోయి అపార్టుమెంటు లేచింది. 2014 తర్వాత రాజధాని పనులతో ఊళ్లో అధికారిక సభలు పెరిగాయి. ఒకసారి అడ్వాన్సు కట్టిన హాలును ముందురోజు రాత్రి వేరే కార్యక్రమానికి ఇచ్చేశారు. గాయనిని కల్యాణమండపంలో కూర్చోబెట్టాం. పక్క హాల్లో పెళ్లి బ్యాండు మోగుతుండగా ఆవిడ తోడి రాగం పాడారు. ఆవిడ ఏమీ అనలేదు. మనకు మాత్రం తలవంపులైంది.

పారుపల్లివారు నడిచిన ఊళ్లో, రేడియో పాట పంచిన ఊళ్లో, రెండొందలమంది కూర్చుని మైకు లేకుండా వినగల చిన్న హాలు సభకు లేకపోవడం అన్యాయం. మనకు మహలు వద్దు. టీచరమ్మగారి ముందు హాలంత ఎత్తు కప్పు, రెండు వైపులా కిటికీలు ఉంటే చాలు. ఇంటి పై అంతస్తు ఇవ్వగలిగినవారు, స్థలం చూపగలిగినవారు, భవన నిధికి ఎంతో కొంత ఇవ్వగలిగినవారు కార్యదర్శిగారిని కలవండి. పాత కచేరీల స్పూలు టేపులు, క్యాసెట్లు మీ అటకల మీద ఉంటే అవి కూడా తెచ్చివ్వండి, కాపీ తీసుకుని భద్రంగా తిరిగి ఇస్తాం. ఈ ఏడాది ఆరాధన కూడా అద్దె హాల్లోనే జరుగుతుంది. కుటుంబ సమేతంగా రండి, మొదటి కృతికి ముందే వచ్చి కూర్చోండి.