తేదీ దగ్గర తెగని బేరం

డెట్రాయిట్. 2008 డిసెంబర్ 7, ఆదివారం. గ్రేటర్ గ్రేస్ టెంపుల్ చర్చిలో అడుగు పెట్టగానే మీ చూపు వేదిక మీదికే పోతుంది. అక్కడ మూడు ఎస్‌యూవీలు నిలబెట్టి ఉన్నాయి. మూడూ హైబ్రిడ్లే. జనరల్ మోటార్స్‌ది ఒకటి, ఫోర్డ్‌ది ఒకటి, క్రైస్లర్‌ది ఒకటి. వాటి ముందు నిలబడి బిషప్ చార్లెస్ ఎలిస్ ప్రార్థన చేయిస్తున్నారు. కార్ల మీద బతికేవాళ్లంతా ముందుకు రమ్మనగానే జనం లేచి వరస కడతారు. వాళ్ల నుదుట నూనె అద్దుతారు.

వీళ్లందరికీ తెలిసిన సంగతే: కిందటి నెల మూడు కంపెనీల అధిపతులూ సొంత విమానాల్లో వాషింగ్టన్ వెళ్లి ప్రభుత్వాన్ని అప్పడిగి, దేశమంతటి చేతా చీవాట్లు తిని వచ్చారు. రెండోసారి బుద్ధిగా కార్లలో వెళ్లారు. ఈలోగా కార్మికుల యూనియన్ యునైటెడ్ ఆటో వర్కర్స్ అధ్యక్షుడు రాన్ గెటల్‌ఫింగర్ కూడా ఒక మెట్టు దిగారు. పని లేక ఇంటికి పంపినవాళ్లకు జీతంలో చాలా భాగం ఇచ్చే 'జాబ్స్ బ్యాంక్'ను ఆపేస్తామన్నారు. రిటైరైనవాళ్ల వైద్యం కోసం పెట్టిన ట్రస్టుకు కంపెనీలు కట్టాల్సిన సొమ్ము ఆలస్యమైనా ఫరవాలేదన్నారు.

నాలుగు రోజులు గడిచాయి. గురువారం రాత్రి. ఇప్పుడు మీరు వాషింగ్టన్‌లో, సెనేట్ సందర్శకుల గ్యాలరీలో ఉన్నారు. ఫోను బయటే ఇచ్చేసి రావాలి. కాగితం మీద ఓ ముక్క రాసుకోవడానికీ వీల్లేదు. కింద బల్లలు 100, సభ్యులు 99 మంది. అధ్యక్షుడిగా ఎన్నికైన ఒబామా నవంబర్‌లో ఖాళీ చేసిన చోటు ఇంకా నిండలేదు.

నిన్న ప్రతినిధుల సభ 237–170 ఓట్లతో 1,400 కోట్ల డాలర్ల అప్పుకు ఒప్పుకుంది. ఇక సెనేట్ ఊ అనాలి. కానీ అసలు మాటలు మీ కళ్ల ముందు జరగడం లేదు. తలుపులు వేసిన గదిలో టెనెసీ రిపబ్లికన్ బాబ్ కార్కర్, కనెటికట్ డెమొక్రాట్ క్రిస్ డాడ్, యూనియన్ ప్రతినిధులు బేరమాడుతున్నారు. కార్కర్ షరతులు మూడు. బాండ్లు కొన్నవాళ్లు తమ బాకీలో మూడింట రెండు వంతులు వదులుకోవాలి. వైద్య ట్రస్టుకు రావాల్సిన దాంట్లో సగం డబ్బుగా కాక షేర్లుగా తీసుకోవాలి. కార్మికుల జీతభత్యాలు అమెరికాలోని నిస్సాన్, టొయోటా, హోండా ఫ్యాక్టరీల స్థాయికి దిగాలి. మొదటి రెండూ దాదాపు కుదిరాయి. మూడోది ఎప్పటికల్లా? 2009లోనే అని రిపబ్లికన్లు. ఒప్పందం గడువు తీరే 2011లో అని యూనియన్. బేరం అక్కడ బిగుసుకుపోయింది.

కిందనుంచి ఒక అంకె పదేపదే వినిపిస్తుంది: గంటకు 70 డాలర్లు. ఆ డబ్బంతా కార్మికుడి జేబులోకే పోతోందని మీరూ అనుకోవచ్చు. నిజానికి పాత కార్మికుడి మూల వేతనం 28 డాలర్ల దగ్గరే ఉంది. భత్యాలు, ఓవర్‌టైమ్, వైద్యం కలిపాక, ఎప్పుడో రిటైరైనవాళ్ల పింఛన్లూ మందుల ఖర్చూ కూడా ఇవాళ పనిచేసేవాడి గంట మీద వేసి లెక్క కడితేనే 70 దాకా వస్తుంది.

అవతలివాళ్ల మాటలోనూ న్యాయం లేకపోలేదు. స్మిర్నాలో నిస్సాన్ కార్లు బిగించే టెనెసీ కార్మికుడు, తనకంటే ఎక్కువ సంపాదించే పోటీవాడి కంపెనీకి తన పన్ను డబ్బు ఎందుకివ్వాలి? అయితే అదే టెనెసీలోని స్ప్రింగ్ హిల్‌లో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ ఉంది, అందులో యూనియన్ ఉంది. అప్పును గట్టిగా వ్యతిరేకిస్తున్న రిచర్డ్ షెల్బీది అలబామా. ఆ రాష్ట్రం 1993లో మెర్సిడెస్‌ను రప్పించుకోవడానికి 25 కోట్ల డాలర్ల పైన రాయితీలిచ్చింది. అదీ జనం సొమ్మే. అక్టోబర్‌లో బ్యాంకుల కోసం 70,000 కోట్ల డాలర్లకు చట్టం చేసినప్పుడు బ్యాంకు గుమాస్తా జీతం ఎంతని ఈ సభలో ఎవరూ బేరం పెట్టలేదు.

గదిలో మాటలు ముగిశాయి, రాజీ కుదరలేదు. మెజారిటీ నాయకుడు హ్యారీ రీడ్ లేచి ఆ సంగతి చెబుతారు. గుమాస్తా పేర్లు పిలుస్తుంటాడు. కొందరు నోరు విప్పకుండా బొటనవేలు పైకో కిందికో చూపించి వెళ్లిపోతారు. బిల్లు ముందుకు కదలాలంటే 60 ఓట్లు కావాలి. వచ్చినవి 52, ఎదురు 35. ఆ 35లో రీడ్ ఓటూ ఉంది. బిల్లు మళ్లీ తేవాలంటే ఓడిన పక్షంలో ఉండకూడదన్నది సభ నియమం.

డిసెంబర్ 19, శుక్రవారం ఉదయం, వైట్‌హౌస్. ఇంకో నెలలో దిగిపోబోతున్న అధ్యక్షుడు బుష్, బ్యాంకుల కోసం పెట్టిన నిధిలోంచే 1,740 కోట్ల డాలర్ల అప్పు ప్రకటిస్తారు. కంపెనీలు బతికాయని ఊపిరి పీల్చుకుంటూ మీరు షరతుల కాగితం తిరగేస్తారు. ట్రస్టుకు సగం షేర్లు. జాబ్స్ బ్యాంక్ రద్దు. నిస్సాన్, టొయోటా, హోండాలతో సమానమైన జీతభత్యాలు, 2009 డిసెంబర్ 31కల్లా. సెనేట్‌లో యూనియన్ కాదన్న గడువు 'లక్ష్యం' అన్న పేరుతో ఇక్కడ తేలింది. షరతులు అన్యాయమని గెటల్‌ఫింగర్ అన్నారు. అయినా అప్పు వద్దనే పరిస్థితి కాదు.

2009లో క్రైస్లర్, జనరల్ మోటార్స్ రెండూ దివాలా కోర్టు గడప తొక్కి బయటపడ్డాయి. పాత కార్మికుల మూల వేతనం మీద చెయ్యి పడలేదు. ఖర్చు తగ్గించడానికి అందరూ ఒప్పుకోగలిగిన దారి, 2007లోనే మొదలైన రెండంచెల జీతాన్ని ఇంకా విస్తరించడం. అంటే ఆ బేరం జరిగిన గదిలో ఎవరూ చూడని మనిషి, ఇంకా ఉద్యోగంలోనే చేరనివాడు, పక్కవాడితో సమానంగా పనిచేస్తూ సగం కూలికి ఒప్పుకోవాల్సి వచ్చింది. ప్రభుత్వం జనరల్ మోటార్స్ మీద పోగొట్టుకున్న సుమారు 1,100 కోట్ల డాలర్లు ఖాతాల్లో నమోదయ్యాయి. ఈ కూలి తేడాకు అలాంటి ఖాతా లేదు. దాన్ని చాలావరకు తీసేయించడానికి యూనియన్ 2023లో మూడు కంపెనీల మీదా సమ్మె చేయాల్సి వచ్చింది.