మార్పు చేప – చెరువు వాగుల చరిత్ర

ఇబ్రహీంపట్నము గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా పేర వెలసిన ఊరు. 1550 మొదలు 1580 వరకు రాజ్యమేలిన ఆ ప్రభువును తెలుగు కవులు మల్కిభరాముడని ఆత్మీయముగా పిలుచుకొనిరి. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానమును ఆయనకే అంకిత మొనర్చెను. 1562లో హుస్సేన్ సాగరము ఆయన కాలముననే నిర్మింపబడినది. ఇబ్రహీంపట్నపు పెద్ద చెరువును ఆయన ఏలుబడిలోనిదే. చెరువుల చరిత్ర వ్రాయువారు రాజును, కట్టను, తూమును, ఆయకట్టును తప్పక పేర్కొందురు. ఆ నీటినే నమ్ముకొని తరతరములుగా బ్రదికిన జీవులను మాత్రము మరతురు. తెలంగాణపు చెరువులలో అట్టి జీవి యొకటి నేడు అంతరించు ప్రమాదమున బడియున్నది. అదియే మార్పు చేప.

మార్పునకు పొలుసులుండవు. నోటి చుట్టును నాలుగు జతల మీసములుండును. వీపుమీది రెక్క తల వెనుకనుండి తోకదాక సాగియుండును. ఇంగిలాయికి ఈ రెక్క మిక్కిలి చిన్నది. ఈ రెంటిని గుర్తించుట కిదియే సులభమైన ఆనవాలు. మార్పు సాధారణముగా మూరెడు పొడవునకు మించదు. మొప్పల పైభాగమున చిన్న చెట్టు కొమ్మలవంటి ప్రత్యేకావయవ మొకటి గలదు. దాని సాయమున అది గాలిని నేరుగా పీల్చుకొనగలదు. కావుననే ఇతర మత్స్యములు ఊపిరాడక చచ్చు బురదనీటిలో సైతము అది బ్రదుకును. వేసవిలో చెరువు అడుగంటినప్పుడు తడి బురదలో దాగి వానకై వేచియుండును. వాన కురిసిన రాత్రి ప్రక్క రెక్కల ముండ్లను నేలకు ఆనించి, తడి గట్లమీద ప్రాకుచు ఒక మడుగునుండి మరియొక మడుగునకు పోవును.

తొలకరి నీరు వాగులగుండా వచ్చి చెరువు అంచులను, వరిమళ్లను ముంచినప్పుడు మార్పులు లోతు విడిచి ఎదురెక్కును. జానెడు నీటిలో, గడ్డి మొలచిన చోట, చిన్న గుంటలో గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు పొదుగబడి పిల్లలగు వరకు మగ చేప కావలి కాయును. దీనినిబట్టి ఒక సత్యము తేటపడును. మార్పునకు ఇల్లు చెరువొక్కటియే కాదు. వాగు, ఒర్రె, పంటకాలువ, వరిమడి – ఇవన్నియు కలసిన నీటిబాట దాని యిల్లు.

ఈ చేప పేరునకును ఒక చరిత్ర గలదు. స్వీడను దేశపు లిన్నేయసు 1758లో ఒక చేపకు బట్రాకస్ అను పేరు పెట్టెను. వంగదేశపు జాలరులు మాగుర్ అని పిలుచు చేపను హామిల్టను దొర గంగానది మత్స్యములను గూర్చిన తన గ్రంథమున 1822లో ఆ పేరుతోనే వర్ణించెను. తరువాతి పండితులు రెండును ఒకటే యని తలంచి మాగుర్ పేరును ప్రక్కకు నెట్టిరి. హైదరాబాదు రాజ్యపు చేపలను 1940ల దశకమున రహీముల్లా మొదలైనవారు పరిశీలించి ప్రకటించిన కాలమునను ఈ అభిప్రాయమే చెల్లుచుండెను. 2008లో శాస్త్రజ్ఞులు జావా చేప వేరు, భారతదేశపు చేప వేరు అని తేల్చిరి. అంతట క్లారియస్ మాగుర్ అను నామము తిరిగి స్థిరపడినది. బెస్తల నోటి మాట రెండువందల యేండ్లకు శాస్త్రమున తన స్థానమును మరల పొందినది.

అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము ఈ జాతిని అంతరించు ప్రమాదమున నున్న వాని జాబితాలో చేర్చినది. దీనికి కారణము లనేకములు. 1957లో హీరాలాల్ చౌధురి ఒడిశాలోని అంగుల్ వద్ద సూదిమందుతో గండుజాతి చేపలచే గ్రుడ్లు పెట్టించుటలో కృతార్థుడయ్యెను. ఆ విద్య వలన బొచ్చె, రవ్వ, మ్రిగాల పిల్లలు విరివిగా లభించి చెరువులు నిండెను. జాలరి కుటుంబములకు బ్రదుకుదెరువు పెరిగెను. మార్పు విషయమున ఆ పని అంత సులభము కాదు. సాధారణముగా మగ చేపను చంపి, లోని వృషణములను తీసి గ్రుడ్లను ఫలదీకరింపవలసియుండును. కావున దాని పిల్లల ఉత్పత్తి వెనుకబడినది.

ఇంతలో 1990ల తొలినాళ్లలో ఆఫ్రికా మార్పు బంగ్లాదేశము మీదుగా దేశమున దొంగచాటుగా ప్రవేశించినది. ఇది మీటరుకు మించి పెరుగును. దొరికిన చేపనెల్ల మ్రింగును. నాటు మార్పుతో కలసి సంకరమును కలిగించును. కేంద్ర ప్రభుత్వము 2000లో దీని పెంపకమును నిషేధించినది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ నిషేధమును గట్టిగా అమలు జరుపుమని ఆదేశించినది. అయినను సంతలలో ఇది మార్పు పేరనే అమ్ముడగుట కలదు. పేరు నిలిచి చేప మాయమగుటకన్న కనిపించని నష్ట మేమున్నది?

అన్నింటికంటె పెద్ద దెబ్బ నీటిబాట తెగుట. హైదరాబాదు నగరము విస్తరించిన కొలది చుట్టుప్రక్కల పొలములు ఇండ్ల స్థలములైనవి; వాగులు పూడినవి; వరద కాలువలు ఇరుకైనవి. చెరువు ఎండుట మార్పునకు క్రొత్త కాదు. కరవులను అది తరతరములుగా దాటినది. బురదలో వేచియుండు నేర్పు దానికి గలదు. వాన వచ్చినను ఎదురెక్కుటకు వాగే లేనప్పుడు ఆ నేర్పు దేనికిని కొరగాదు.

బీహారు రాష్ట్రము మాగుర్‌ను తన రాష్ట్ర మత్స్యముగా ప్రకటించుకొన్నది. తెలంగాణమున ఆ గౌరవము కొరమీనుకు దక్కినది. మార్పునకు గౌరవముకన్న ముందు కావలసినది దారి. వరద కాలువ కడ్డముగా మట్టి పోయకుండుట, తొలకరిలో గ్రుడ్లతో ఎదురెక్కు చేపలను పట్టకుండుట, ఆఫ్రికా చేపపిల్లలను చెరువున విడువకుండుట – ఈ మూడును ఊరివారి చేతిలోని పనులు. వృద్ధులైన జాలరులకు ఏ ఒర్రెలో ఏ చేప ఎక్కెడిదో ఇంకను జ్ఞప్తియందున్నది. వారుండగనే ఆ వివరములను వ్రాయించి గ్రంథాలయమున భద్రపరచుట చదువుకొన్నవారి విధి. ఏ వాగు ఎక్కడ పారినదో తెలిసినప్పుడే దానిని తిరిగి త్రవ్వుట సాధ్యమగును.