శ్యావిగె ఒత్తిందెవరు?

రొళ్ల బస్టాండు దగ్గర సాయంత్రం పూట ఒక నూడుల్స్ బండి పెడతారు. ముందు రెండు బల్లలు. ఈమధ్య అమ్మను అక్కడ కూర్చోబెట్టి ఒక గిన్నెడు సూపు నూడుల్స్ ఇప్పించాను. డెబ్బయ్యేళ్లు దాటిన అమ్మ అటూ ఇటూ చూసి కొంగు సర్దుకుంది. రెండు స్పూన్లు తాగి, "ఇదేందే, మన శ్యావిగెలే కదా! సారులో కలిపినాడు, అంతే" అంది.

నవ్వొచ్చింది కానీ, తర్వాత ఆలోచిస్తే అమ్మ చెప్పింది చరిత్రే. రొళ్ల కన్నడ సీమకు అంచున ఉన్న ఊరు. తెలుగూ కన్నడమూ ఒకే నోట పలుకుతాయి. 1025లో చావుండరాయుడు కన్నడంలో రాసిన 'లోకోపకార'లో శ్యావిగె చేసే పద్ధతీ, దాన్ని ఒత్తే అచ్చూ ఉన్నాయి. అంటే వెయ్యేళ్ల నాటి వంట. సూపూ మనకు కొత్త కాదు. ఆకుకూర, పప్పు ఉడికించి వంచిన నీళ్లతో కాచే బస్సారు మరేమిటి?

అచ్చు గురించి రాశారు. ఆ అచ్చు మీద బరువు వేసిన మనిషి గురించి ఎవరూ రాయలేదు. రాగిపిండిని మరిగే నీళ్లలో కెలికి, ముద్దలు చేసి, ఆవిరికి ఉడికించి, పొగలు పోతుండగానే ఒత్తాలి. చల్లారితే దిగదు. ఒకరు ముద్ద పెట్టాలి, ఒకరు కొయ్య మీద బరువంతా వేయాలి, ఒకరు కింద తట్ట పట్టాలి. ఇరుగుపొరుగు ఆడవాళ్లు కలిస్తేనే అయ్యే పని. ఒత్తింది ఒత్తినట్టు బెల్లంపాలతో మగవాళ్లకూ పిల్లలకూ పోయేది. అమ్మవాళ్ల వంతు వచ్చేసరికి అవి చల్లారి, గట్టిపడి ఉండేవి.

నూడుల్స్ చరిత్రలో మాత్రం పేర్లున్నాయి. 1975లో ముంబైలో నెల్సన్ వాంగ్ చికెన్ మంచూరియా సృష్టించాడని చెప్పుకుంటాం. 1983లో మ్యాగీ వచ్చి, రెండు నిమిషాల్లో బిడ్డ ఆకలి తీర్చే అమ్మను ప్రకటనల్లో చూపించింది. ఎన్ని నిమిషాలైనా వండేది అమ్మే అన్నది అందులో మారలేదు. ఇక్కడ చైనా వంట రుచి చూపించిన కలకత్తా హక్కా కుటుంబాల కథ ఇంకా తక్కువ మందికి తెలుసు. 1962 యుద్ధం తర్వాత దాదాపు మూడు వేలమంది చైనా సంతతివారిని రాజస్థాన్‌లోని దేవలీ శిబిరంలో నిర్బంధించారు. వారిలో స్త్రీలూ పిల్లలూ ఉన్నారు. వాళ్ల తిండి మనకు నచ్చింది, వాళ్లు మాత్రం పరాయివాళ్లయ్యారు.

నా చిన్నప్పుడు హోటలంటే మగవాళ్ల చోటు. సంతకు పోయినా, ఆసుపత్రికి పోయినా అమ్మ ముద్ద మూట కట్టుకునే పోయేది. మరీ తప్పకపోతే నాన్న పొట్లం కట్టించుకొచ్చేవాడు. చెట్టు చాటున గోడవైపు తిరిగి తినేది. అమ్మది ఆడదానికి ఉండే అడ్డంకి మాత్రమే. దళిత స్త్రీకి దాని మీద కులం కూడా. 1999లో ఏర్పడ్డ జస్టిస్ పున్నయ్య కమిషన్ రాష్ట్రంలో అంటరానితనంపై విచారించినప్పుడు కూడా హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి బయటపడింది. కాబట్టి బజారులో బల్ల మీద కూర్చుని, అందరూ తినే గిన్నెలోనే వేడిగా తినడం నాకు చిన్న విషయంగా కనబడదు. అది చాలామంది ఆడవాళ్లకు నిన్న మొన్న దక్కిన చోటు. కొందరికి ఇంకా దక్కని చోటు.

అమ్మ గిన్నె ఖాళీ చేసింది. "ఒత్తినన్నాళ్లూ వేడిగా తినలేదు మే" అంది, ఫిర్యాదేమీ లేకుండా. తర్వాత బండి వెనక్కి చూసింది. అక్కడ బకెట్ల ముందు కూర్చుని ఒకామె గిన్నెలు కడుగుతోంది.

"నువ్వు తింటివామ్మా?" అని అడిగింది అమ్మ.

"బండి మూసినాంక తింటానవ్వా" అందామె, తలెత్తకుండా.

నేను వేసుకోవలసిన ప్రశ్న అమ్మ ముందే వేసేసింది. బల్ల మీద నాకు చోటు దొరికిందని సంతోషపడుతున్నాను. అందరి తర్వాత, చల్లారిందాన్ని తినే వంతు మాత్రం ఇంకో ఆడమనిషికి మారింది.