పరాయి పేరు మోసిన ఊరు: మా క్లెమ్‌జిగ్ కథ

అడిలైడ్ నడిబొడ్డు నుంచి ఈశాన్యంగా ఐదారు కిలోమీటర్లు వస్తే టోరెన్స్ నది ఒడ్డున మా క్లెమ్‌జిగ్ తగులుతుంది. సిటీలో ఓ-బాన్ బస్సెక్కితే మొదటి స్టేషన్ మాదే. చూడటానికి మామూలు పేట. పెంకుటిళ్లు, చిన్న తోటలు, నది వెంట నడిచేవాళ్లు, సైకిళ్లు తొక్కేవాళ్లు. ఈ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలూ తక్కువేం కాదు. కానీ ఆస్ట్రేలియా నేల మీద జర్మన్లు కట్టుకున్న మొట్టమొదటి పల్లె ఇదేనన్న సంగతి ఇక్కడ కాపురముండేవాళ్లలోనే చాలామందికి తెలియదు. ఈ ఊరి కథలో రెండు వాగ్దానాలున్నాయి. ఆ రెంటినీ ఇచ్చినవాళ్లే తప్పారు. వాటి గురించి చెప్పడానికే ఈ వ్యాసం.

దక్షిణ ఆస్ట్రేలియా మిగిలిన ఆస్ట్రేలియా వలస రాజ్యాల వంటిది కాదు. సిడ్నీలా నేరస్థులను తెచ్చి దింపిన చోటు కాదిది. 1834లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. 1836 డిసెంబర్ 28న గవర్నర్ హైండ్‌మార్ష్ గ్లెనెల్గ్ తీరంలో కొత్త రాజ్యాన్ని ప్రకటించాడు. భూమిని ధర కట్టి అమ్మడం, ఆ డబ్బుతో బ్రిటన్ నుంచి కూలీలను ఓడల్లో రప్పించడం, ఏ మతశాఖకూ రాజ్యం కొమ్ము కాయకపోవడం అన్నవి దీని పునాదులు. రాజధానికి పెట్టిన పేరు అప్పటి బ్రిటిష్ రాజు నాలుగో విలియం భార్యది. ఆ అడిలైడ్ రాణి పుట్టిందీ జర్మన్ సంస్థానంలోనే.

అదే కాలంలో ప్రష్యాలో మూడో ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ రాజు ప్రజల ప్రార్థనల్లో వేలు పెట్టాడు. తన రాజ్యంలోని లూథరన్, రిఫార్మ్‌డ్ చర్చిలు రెంటినీ 1817లో ఒకటి చేశాడు. ఆ తర్వాత ఆరాధన ఎలా జరగాలో తానే ఒక పద్ధతి రాయించి, అందరూ దాన్నే పాటించాలన్నాడు. తాతలనాటి పద్ధతి వదలబోమన్నవాళ్లకు ‘పాత లూథరన్లు’ అన్న పేరు స్థిరపడింది. వాళ్ల పాస్టర్లను కొలువుల నుంచి తీసేశారు, జైల్లో పెట్టారు. ఇళ్లలో గుట్టుగా ప్రార్థన చేసుకున్న రైతులకు జరిమానాలు వేశారు. ప్రష్యాలోని క్లెమ్‌జిగ్ పల్లె పాస్టర్ ఆగస్ట్ కావెల్ 1835లో ఆ కొలువు వదిలేసి, తన జనానికి వేరే గడ్డ వెతుకుతూ బయల్దేరాడు. ఆ పల్లె ఇప్పుడు పోలండ్‌లో ఉంది.

1836లో లండన్‌లో కావెల్‌కు జార్జ్ ఫైఫ్ ఆంగస్‌తో పరిచయమైంది. దక్షిణ ఆస్ట్రేలియా కంపెనీ పెట్టిన వ్యాపారి ఆంగస్. బాప్టిస్టు. మనస్సాక్షి కోసం కష్టాలు పడుతున్నవాళ్లంటే అతనికి నిజమైన జాలి ఉండేది. కొత్త నేలకు ఒళ్లు వంచి పనిచేసే రైతులు కావాలన్న లెక్కా ఉండేది. రెండూ నిజమే, ఒకటి రెండోదాన్ని అబద్ధం చేయదు. ప్రష్యా ప్రభుత్వం పాస్‌పోర్టులు ఇవ్వకుండా నాన్చింది. కంపెనీ డైరెక్టర్లు డబ్బు పెట్టడానికి వెనకాడారు. దాదాపు రెండేళ్లు ఇలా గడిచాక ఆంగస్ తన సొంత డబ్బు 8,000 పౌండ్లు ఓడ ఖర్చులకు అప్పుగా ఇచ్చాడు. అది దానం కాదు, వడ్డీతో తీర్చాల్సిన అప్పు.

1838 వేసవిలో వాళ్లు ఇళ్లూ వాకిళ్లూ అమ్ముకుని ఓడర్ నది మీద పడవలెక్కారు. నదులు, కాలవలు దాటుకుంటూ హాంబర్గ్ చేరి, అక్కడ ‘ప్రిన్స్ జార్జ్’ ఓడ ఎక్కారు. కావెల్ ఇంగ్లండ్‌లో కలిశాడు. ఆ నవంబర్‌లో ఓడ పోర్ట్ అడిలైడ్ చేరింది. అదే నెలలో ‘బెంగాలీ’ అనే మరో ఓడా వచ్చింది. అడిలైడ్ ఊరికి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు.

నది పక్కన ఆంగస్‌కున్న భూమిని కౌలుకు తీసుకుని, మట్టి గోడలు లేపి గడ్డి కప్పులు వేసి, వెనక విడిచి వచ్చిన పల్లె పేరే కొత్త పల్లెకు పెట్టుకున్నారు. కూరగాయలు, పాలు, వెన్న అడిలైడ్‌కు తీసుకెళ్లి అమ్మారు. ఆహారానికి కటకటగా ఉన్న ఆ కొత్త పట్నానికి ఈ సరుకు ఎంతో అక్కరకొచ్చింది. ఆంగస్ కొడుకు జార్జ్ ఫ్రెంచ్ ఆంగస్ 1840లలో గీసిన క్లెమ్‌జిగ్ చిత్రంలో ఆ గడ్డి కప్పులు ఇప్పటికీ చూడొచ్చు.

1839లో కావెల్ వెంట ఊరి మగవాళ్లు అడిలైడ్ వెళ్లి విక్టోరియా రాణికి విధేయులుగా ఉంటామని ప్రమాణం చేశారు. అప్పటిదాకా చట్టం దృష్టిలో వాళ్లు విదేశీయులు. ఆ ప్రమాణంతో ఈ రాజ్యపు మనుషులయ్యారు. వాళ్లు విధేయత ఇచ్చారు, రాజ్యం రక్షణ ఇస్తానంది. ఈ కథలో మొదటి వాగ్దానం అది.

అంతకుముందే, 1838 డిసెంబర్ చివర్లో, రాజ్యం ప్రకటించి సరిగ్గా రెండేళ్లకు, మరికొందరు పాత లూథరన్లతో ‘జీబ్రా’ ఓడ వచ్చింది. దాని కెప్టెన్ డిర్క్ హాన్. నాలుగు నెలల ప్రయాణంలో తన ఓడలోని జనాన్ని దగ్గరగా చూసిన మనిషి. తీరం చేరాక వాళ్లకు భూమి లేదని తెలిసి, వాళ్లను రేవులో వదిలేసి తన దారిన పోలేదు. భూస్వాములతో తానే బేరమాడి, మౌంట్ బార్కర్ వైపు కొండల్లో మొదట కౌలు కట్టనక్కర లేని భూమి ఇప్పించాడు. ఆ జనం పిల్లాపాపలతో, మూటాముల్లెతో మౌంట్ లాఫ్టీ కొండలెక్కి ఊరు కట్టుకున్నారు. దానికి కెప్టెన్ పేరే పెట్టారు. అదే హాన్‌డార్ఫ్. హాన్ మాత్రం ఓడతో వెళ్లిపోయాడు, మళ్లీ ఈ తీరానికి రాలేదు.

హాన్‌డార్ఫ్ ఆడవాళ్ల గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. అర్ధరాత్రి లేచి, కూరగాయల బుట్టలు, వెన్న, గుడ్లు మోసుకుంటూ కొండ దారిలో దాదాపు ముప్పై కిలోమీటర్లు కాలినడకన అడిలైడ్ సంతకు వచ్చేవాళ్లు. బోమాంట్ దగ్గర వాగులో కాళ్లు కడుక్కుని, అప్పటిదాకా చేత పట్టుకున్న మేజోళ్లు, బూట్లు తొడుక్కుని పట్నంలో అడుగుపెట్టేవాళ్లు. సరుకు అమ్మి, ఇంటికి కావలసినవి కొనుక్కుని మళ్లీ అదే కొండ ఎక్కేవాళ్లు. గొర్రెల ఉన్ని కత్తిరించే పనికీ వాళ్లే వెళ్లేవాళ్లు. ఆంగస్ అప్పు తీరింది ఇలాంటి కష్టం మీదే. ఆ నడకదారిని ఇప్పుడు మహిళల స్మారకంగా కాపాడుతున్నారు. మన ఊళ్లలో తెల్లవారకముందే తట్టలు నెత్తిన పెట్టుకుని సంతకు నడిచిన అమ్మల సంగతి తెలిసినవాళ్లెవరైనా ఆ దారిలో ఒకసారి నడవాలి.

కౌలు భూమిలో ఎంత కష్టపడ్డా అది సొంతం కాదు. ఈలోగా ఆంగస్ గుమాస్తా చార్ల్స్ ఫ్లాక్స్‌మన్, యజమాని అనుమతి లేకుండానే బారోసా ప్రాంతంలో 28,000 ఎకరాలు కొన్నాడు. ఆంగస్ దివాలా అంచుదాకా వెళ్లాడు. ఆ భూమి జర్మన్లకు దారి చూపింది. 1842లో బారోసాలో బెథనీ, కొండల్లో లోబెథాల్ వెలిశాయి. ఆ తర్వాత లాంగ్‌మైల్. మధ్యన వీధి, దానికి ఇరువైపులా ఇళ్లు, ఇంటి వెనక వాగుదాకా సాగే పొడుగాటి పొలం, ఇలా తమ పాత దేశపు పల్లె రూపాన్నే ఇక్కడా దింపారు. 1847లో యోహాన్ గ్రాంప్ జేకబ్స్ క్రీక్ దగ్గర ద్రాక్ష నాటాడు. నేడు ప్రపంచమంతా తెలిసిన బారోసా వైన్‌కు అది తొలి అడుగుల్లో ఒకటి. వాళ్లలో వాళ్లకు తగవులూ లేకపోలేదు. 1846లో సిద్ధాంత భేదాలతో కావెల్ వర్గం, మరో పాస్టర్ ఫ్రిట్ష్ వర్గం విడిపోయాయి. కావెల్ కూడా బారోసాకు మారి 1860లో అక్కడే కన్నుమూశాడు. మా క్లెమ్‌జిగ్ క్రమంగా పలచబడింది. తొలితరం వాళ్లలో కొందరు ఇక్కడి పాత శ్మశానంలోనే ఉన్నారు.

ఇక రెండో వాగ్దానం. నిజానికి ఇది మొదటిదానికంటే పాతది. 1836లో రాజు జారీ చేసిన లెటర్స్ పేటెంట్‌లో, ఇక్కడి ఆదివాసుల నేలను వాళ్లు అనుభవించే హక్కుకు భంగం కలగకూడదని రాసుంది. ఈ మైదానం గార్నా జనానిది. హాన్‌డార్ఫ్ కొండలు పెరమంక్ జనానివి. టోరెన్స్ నదికి గార్నాలు పిలిచే పేరు కర్రవిర్ర పారి. రాత రాతగానే మిగిలింది. భూమిని కొలిచారు, అమ్మారు, కౌలుకిచ్చారు. అడగాల్సినవాళ్లను మాత్రం అడగలేదు. నమ్మకం కోసం ఇల్లు విడిచి వచ్చిన పాత లూథరన్లు కూడా వేరొకరు ఇల్లు కోల్పోయిన నేల మీదే ఇల్లు కట్టుకున్నారు. వాళ్ల మంచితనాన్ని తలుచుకున్నప్పుడు ఈ మాట దాటేయకూడదు.

ఆ చీకట్లో ఒక వెలుగూ జర్మన్లదే. 1838 అక్టోబర్ 12న, కావెల్ కంటే ముందే, డ్రెస్డెన్ మిషన్ నుంచి క్రిస్టియన్ టైకెల్‌మన్, క్లామర్ షూర్మన్ అనే ఇద్దరు యువకులు కొత్త గవర్నర్ గాలర్‌తో పాటు ఓడ దిగారు. పారశీ పేరున్న ఆ ఓడ ‘పెస్టన్‌జీ బొమ్మన్‌జీ’. వాళ్లు గార్నా భాష నేర్చుకుని, 1840లోనే వ్యాకరణాన్నీ రెండు వేల దాకా పదాల కోశాన్నీ అచ్చు వేశారు. పిల్టావోడ్లిలో బడి పెట్టి పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పారు. పిల్లలు గార్నాలో జర్మనీకి ఉత్తరాలు రాశారు. 1845లో గవర్నర్ గ్రే ఆ బడి మూయించి ఇంగ్లిష్ బడికి దారి మళ్లించాడు. తర్వాత గార్నా దాదాపు నోళ్లలో లేకుండా పోయింది. 1990 నుంచి గార్నా పెద్దలు, భాషావేత్తలు కలిసి ఆ భాషకు మళ్లీ ప్రాణం పోస్తున్నది చాలావరకు ఆ ఇద్దరి రాతల ఆధారంగానే. ఇప్పుడు అడిలైడ్ సభల్లో గార్నా స్వాగతం వింటున్నామంటే దాని వెనక ఆ పుస్తకం ఉంది.

1848 తర్వాత మరో రకం జర్మన్లు వచ్చారు. చదువరులు, ఉదారవాదులు. సంగీతకారుడు కార్ల్ లింగర్, బొటానిక్ గార్డెన్‌ను తీర్చిదిద్దిన రిచర్డ్ షోంబర్గ్ అలాంటివాళ్లు. 1858లో ఇక్కడ పుట్టిన టోరెన్స్ భూహక్కు చట్టానికి హాంబర్గ్ నుంచి వచ్చిన న్యాయవేత్త ఉల్‌రిష్ హ్యూబె సాయం చేశాడు. ఎంత సాయమన్నది చరిత్రకారుల్లో వాదనగా ఉంది. ప్రభుత్వ రిజిస్టరులో ఉన్న పేరే హక్కుకు రుజువన్న ఆ ఆలోచన ఎంత దూరం వెళ్లిందంటే, 2024లో ఆంధ్రప్రదేశ్ ఎన్నికల్లో భూహక్కుల చట్టం మీద ఊరూరా నడిచిన చర్చకు మూలం అదే.

ఇలా మూడు తరాలు గడిచాక 1914లో యుద్ధం వచ్చింది. 1839 నాటి ప్రమాణాన్ని జర్మన్లు తప్పలేదు. జర్మన్ ఇంటిపేర్లున్న కుర్రాళ్లు ఆస్ట్రేలియా సైన్యంలో చేరి ప్రాణాలిచ్చారు. తప్పింది రాజ్యమే. టోరెన్స్ ద్వీపంలో నిర్బంధ శిబిరం పెట్టారు. ఇక్కడే పుట్టి పెరిగిన అటార్నీ జనరల్ హెర్మన్ హోంబర్గ్ 1915లో పదవి వదులుకోవాల్సి వచ్చింది. 1917లో 49 లూథరన్ బడులు మూయించారు. అదే ఏడాది చేసిన చట్టంతో 69 జర్మన్ ఊరి పేర్లను పటం మీద నుంచి తుడిచేశారు. హాన్‌డార్ఫ్ ఆంబుల్‌సైడ్ అయింది. లోబెథాల్ ట్వీడ్‌వేల్ అయింది. మా క్లెమ్‌జిగ్‌కు పాలస్తీనాలో అప్పుడు జరుగుతున్న యుద్ధాల గుర్తుగా గాజా అని పేరు పెట్టారు. ఇళ్లలో జర్మన్ మాట్లాడటం తగ్గించారు. చాలామంది ఇంటిపేర్లు మార్చుకున్నారు. మూడు తరాల మంచి పేరు మూడేళ్ల అనుమానానికి ఆగలేదు.

రాష్ట్రం నూరేళ్ల పండుగ దగ్గరపడుతుండగా 1935లో క్లెమ్‌జిగ్, హాన్‌డార్ఫ్, లోబెథాల్ పేర్లు తిరిగి వచ్చాయి. చాలా ఊళ్లకు రాలేదు. మా ఊళ్లో ఫుట్‌బాల్ క్లబ్ పేరు నేటికీ గాజాయే. అది అలాగే ఉండటం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే చేసిన తప్పు కూడా ఊరి చరిత్రలో భాగమే. 1986లో జర్మనీలో తయారైన సాంకేతికతతో ఓ-బాన్ బస్సు మార్గం మొదలై, దాని తొలి స్టేషన్‌కు క్లెమ్‌జిగ్ పేరే పెట్టారు.

తెలుగువాళ్లకు ఈ కథతో రక్తసంబంధం లేదు గానీ పొరుగు సంబంధం ఉంది. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషన్ 1860లలో సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు వైపు పాస్టర్లను పంపింది. అదే మిషన్, బారోసా లూథరన్లతో కలిసి, 1877లో మధ్య ఆస్ట్రేలియాలోని ఫింకే నది ఒడ్డున హెర్మన్స్‌బర్గ్ కేంద్రం పెట్టింది. చిత్రకారుడు ఆల్బర్ట్ నమత్‌జీరా పుట్టింది అక్కడే. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలోని జర్మన్ పాస్టర్లనూ నిర్బంధించి, ‘గోల్కొండ’ అనే ఓడలో వెనక్కి పంపింది. నెల్లూరు సీమలోనూ అడిలైడ్‌లోనూ జర్మన్ పేరున్న మనిషిని ఒకే సామ్రాజ్యం ఒకే తీరున అనుమానించింది.

ఇవాళ ఈ ఊరికి వలస వచ్చిన వాళ్లలో మనమూ ఉన్నాం. పౌరసత్వ ప్రమాణం చేసి, పిల్లలను బడికి పంపి, వారాంతంలో తెలుగు నేర్పించుకుంటున్నాం. మనకు దొరికిన ఆదరణ నిజమైనదే, దానికి మనం కృతజ్ఞతతో ఉండాలి. అయితే ఆదరణ కాగితం మీద ఉంటే సరిపోదని క్లెమ్‌జిగ్ మనకు నేర్పుతుంది. గార్నాలకు కాగితం ఉంది, జర్మన్లకు ప్రమాణం ఉంది. అవసరం వచ్చిన రోజున వాళ్ల పక్షాన లేచి మాట్లాడే పొరుగువాళ్లే చాలినంతమంది లేరు. రేపు ఏ దేశంతో తగవు వచ్చినా, ఈ వీధుల్లో ఏ ఇంటిపేరు మీద అనుమానం పుట్టినా, ముందుగా నోరు విప్పాల్సింది ఈ చరిత్ర తెలిసిన మనమే. అందుకే మన పిల్లల తెలుగు తరగతుల్లో కర్రవిర్ర పారి పేరు, హాన్‌డార్ఫ్ ఆడవాళ్ల నడక, 1917 చట్టం, మూడూ పాఠాలు కావాలని నా కోరిక.