మాటలు నేర్చిన రామచిలుక

పొద్దుగూకే వేళ పటాన్‌చెరు ఫ్యాక్టరీల మీదుగా కీచుమంటూ ఓ ఆకుపచ్చ గుంపు సాగిపోతుంది. జొన్న గింజ పాలుపోసుకునే రోజుల్లో అది చేను మీద వాలిందంటే మంచె మీద ఉన్నవాళ్లు వడిసెల తిప్పాల్సిందే. ఒంటికాలితో కంకిని ఒడిసిపట్టి, వంకీ ముక్కుతో గింజ ఒలిచి, పొట్టు కిందికి వదిలే ఈ పిట్టే మన రామచిలుక.

చిలుక మాటలకు అబ్బురపడటం నిన్నమొన్నటిది కాదు. క్రీస్తుపూర్వం 400 ప్రాంతంలో పారశీక రాజాస్థానంలో ఉన్న గ్రీకు వైద్యుడు క్టీసియస్, హిందూదేశపు పిట్ట ఒకటి అక్కడి భాష మాట్లాడుతుందని, గ్రీకు నేర్పితే అదీ పలుకుతుందని రాశాడు.

మన కథల్లోనైతే చిలుకే కథకుడైంది. భర్త ఊళ్లో లేని ఇల్లాలు గడప దాటకుండా రాత్రికో కథ చెప్పి ఆపే చిలుక కథే సంస్కృత శుకసప్తతి. పాలవేకరి కదిరీపతి దాన్ని తెలుగులో ప్రబంధంగా మలిచాడు. 1330లో నక్షబీ అనే రచయిత చేతిలో ఆ సంస్కృత కథే పారశీక తూతీనామా అయింది. పటాన్‌చెరుకు ఎంతో దూరం లేని గోల్కొండలో 1639లో కవి గవ్వాసీ దాన్ని దక్కనీలో చెప్పాడు.

గోల్కొండకు ఇంకో చిలుక కథ కూడా ఉంది. భద్రాచల రామదాసు అక్కడ పన్నెండేళ్లు చెరలో మగ్గింది, పూర్వజన్మలో ఓ చిలుకను పంజరంలో పెట్టినందుకేనని జనం చెప్పుకుంటారు. ఆ కథ అల్లినవాళ్లకు పంజరం బాధ తెలుసు.

ఇంతకీ చిలుక ఎలా మాట్లాడుతుంది? దానికి మనలా గొంతులో స్వరతంత్రులు లేవు. శ్వాసనాళం అడుగున, రెండుగా చీలే చోట సిరింక్స్ అనే అవయవం ఉంటుంది. అక్కడ పుట్టిన ధ్వనిని మందపాటి నాలుకతో మలుచుకుంటుంది. తోటి చిలుకల పిలుపులు విని నేర్చుకోవడం దాని స్వభావం. పంజరంలో గుంపు ఉండదు కాబట్టి ఇంటి మనుషులనే గుంపు అనుకుంటుంది, వాళ్ల మాటే పలుకుతుంది. మనం ముచ్చటపడే ఆ పలుకు వెనక ఉన్నది ఆ ఒంటరితనమే.

వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పటాన్‌చెరుకు వచ్చిన 1972లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టమూ వచ్చింది. ఆ చట్టం ప్రకారం నేడు రామచిలుకను పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం నేరం. అయినా చట్టం ఒక్కటే చాలదు, చిలుకకు చెట్టు తొర్ర కావాలి. గుడ్లు పెట్టేది అందులోనే. షెడ్డు కోసమో రోడ్డు కోసమో పాత చెట్టు మీద గొడ్డలి వేసేముందు, ఒక్కసారి ఆ తొర్రలోకి చూడండి.