నాడి వద్దు, ఊపిరి చూడమన్న హైదరాబాదు

మత్తు వైద్యం నేర్చుకునే తొలి ఏళ్లలో సూత్రాలు కావాలి. గుండె జబ్బూ, షుగరూ, పాడైన కిడ్నీలూ ఒకే మనిషిలో కలిసొచ్చే ఆపరేషన్ల దాకా ఎదిగిన సీనియర్ రెసిడెంటుకు మాత్రం ఆ సూత్రాల హద్దులు తెలియాలి. దీనికి హైదరాబాదు చరిత్రే సాక్ష్యం. ఇక్కడి బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ, క్లోరోఫామ్ మత్తు వల్ల ముందు ఆగేది ఊపిరేగానీ గుండె కాదని నమ్మాడు. 1888లో ఒక కమిషన్ కుక్కల మీద ప్రయోగాలు చేసి అదే తేల్చింది. లండన్ లాన్సెట్ పత్రిక ఒప్పుకోకపోతే, నిజాం ప్రభుత్వం వెయ్యి పౌండ్లిచ్చి బ్రిటిష్ వైద్యుడు లాడర్ బ్రంటన్‌ను రప్పించింది. అనుమానంతో వచ్చిన ఆయన కూడా 1889లో లారీ పక్షమే చేరాడు. నాడి పట్టుకుని కూర్చోకు, శ్వాసనే కనిపెట్టు అన్నది ఇక్కడి వైద్య పాఠశాల విద్యార్థులకు కంఠోపాఠమైంది. ప్రపంచపు తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరైన రూపాబాయి ఫర్దూంజీ ఈ బడిలోనే చదివింది.

1911లో వైద్యుడు గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద వేరే సంగతి చూపాడు: క్లోరోఫామ్ మత్తు పలచగా ఉన్నప్పుడు అడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి హఠాత్తుగా ప్రాణం పోతుంది. మరి లారీ వేల మందికి మత్తిచ్చి గెలిచాడు కదా అనవచ్చు. గెలిపించింది బహుశా ఆయన సిద్ధాంతం కాదు, ఎడతెగని ఆయన నిఘా. ఇంకో అభ్యంతరం బలమైనదే: సందేహం నేర్పితే కుర్ర వైద్యుడి చెయ్యి తడబడుతుంది. నిజమే, మొదటి ఏడాదిలో. శ్వాసను కనిపెట్టడం అలవాటైపోయిన సీనియర్‌కు మాత్రం, గుండె బలహీనమైన రోగి దగ్గర ఆ ఒక్క అలవాటే ప్రమాదం.