సృష్టి అను శబ్దము: క్రైస్తవ సిద్ధాంతమున జగత్కర్త



మన శాస్త్రకారులు పాటించిన మర్యాద ఒకటి ఉన్నది. పరమతమును ఖండింపవలెనన్నను, అందలి మంచిని గ్రహింపవలెనన్నను, ముందుగా దానిని పూర్వపక్షముగా యథాతథముగా నిలుపుదురు. ప్రతిపక్షి స్వయముగా విని "అవును, నా మతమిదియే" అనునట్లు చెప్పిన పిమ్మటనే సిద్ధాంతము ఆరంభమగును. క్రైస్తవులు భగవంతుని సృష్టికర్త అని కీర్తించునప్పుడు మనవారిలో కొందరు "ఆయనయే మన బ్రహ్మదేవుడు" అని సరిపెట్టుకొందురు. మరికొందరు "అది మనకేల" అని త్రోసిపుచ్చుదురు. ఈ రెండింటియందును ఆ మర్యాదకు లోపమే కలుగుచున్నది.

మంచిర్యాల వంటి పట్టణమున ఈ విచారము గ్రంథములకు పరిమితమైనది కాదు. గోదావరీ తీరమున స్నానమాచరించి గూడెము గుట్టపై సత్యనారాయణ వ్రతము చేసికొను గృహస్థునకు పొరుగింట ఆదివార ప్రార్థనకు వెళ్లు కుటుంబముండును. సిరో-మలబారు సంప్రదాయమునకు చెందిన ఆదిలాబాదు మేత్రాసనము 1999లో ఏర్పడినది. దాని పీఠము మన మంచిర్యాలయే. కావున పొరుగువాని దేవుడెవరో తెలిసికొనుట మనకు అవసరము.

మొదట చరిత్రను చూతము. క్రీస్తుశకము రెండవ శతాబ్దిలో మార్సియన్ అనునతడు ఒక వాదము లేవదీసెను. దుఃఖభరితమైన ఈ లోకమును చేసినవాడు తక్కువస్థాయి దైవమనియు, యేసు చెప్పిన తండ్రి వేరొకడనియు అతని మతము. క్రైస్తవ సమాజము దీనిని నిరాకరించినది. రక్షించువాడును సృజించినవాడును ఒక్కడే అని నిశ్చయించినది. 325లో నికయా పట్టణమున సమావేశమైన పీఠాధిపతులు తమ విశ్వాస ప్రమాణమును ఈ మాటతోనే ఆరంభించిరి: కనబడు వస్తువులకును కనబడని వాటికిని కర్త ఏకైక దేవుడే. చతుర్ముఖ బ్రహ్మతో ఈ కర్తకు సామ్యము కుదరదు. మన పురాణములలో బ్రహ్మ స్వయముగా నాభికమలమున పుట్టినవాడు, ఆయుఃపరిమితి గలవాడు. క్రైస్తవుల కర్తకు ఉత్పత్తి లేదు.

మరి ఆయన జగత్తును దేనితో చేసెను? ఇచ్చటనే అసలు భేదమున్నది. నైయాయికులకు ఈశ్వరుడు కులాలుని వంటి నిమిత్తకారణము, పరమాణువులు నిత్యములు. వేదాంతులకు బ్రహ్మమే నిమిత్తమును, ఉపాదానమును. సాలెపురుగు తననుండియే దారము వెలువరించునట్లని ముండకోపనిషత్తు దృష్టాంతము. క్రైస్తవులు ఈ రెండింటిని అంగీకరింపరు. రెండవ శతాబ్దిలోనే అంతియొకయ పట్టణపు పీఠాధిపతి థియోఫిలుస్, జడపదార్థము నిత్యమన్న గ్రీకు తాత్త్వికులకు బదులు చెప్పెను: ఇచ్చిన సామగ్రితో వస్తువును చేయుట మనుష్యశిల్పికిని సాధ్యమే, అట్లయిన దేవుని ఆధిక్యమేమి? ఈ విధముగా శూన్యమునుండి సృష్టి అను సిద్ధాంతము స్థిరపడినది.

"అసత్తునుండి సత్తు ఎట్లు పుట్టును?" అని ఛాందోగ్యమున ఉద్దాలకుడు శ్వేతకేతువు నెదుట వేసిన ప్రశ్న ఇచ్చట మనకు స్ఫురించును. పదకొండవ శతాబ్దిలో ఆన్సెల్ము దీనికి సమాధానమిచ్చెను. శూన్యము మట్టివంటి ఉపాదానము కాదు. ఉపాదానమే లేదని చెప్పుటయే ఆ మాటకు అర్థము. సత్కార్యవాదులమైన మనకు ఇది సమ్మతము కాకపోవచ్చును. అయినను వారు అసత్తును కారణముగా చెప్పుచున్నారనుట వారిపై అపవాదు.

స్థితి విషయమున మాత్రము మనకును వారికిని సామీప్యము కలదు. గృహమును కట్టి మేస్త్రీ వెళ్లిపోయినను గృహము నిలుచును. జగత్తు అట్టిది కాదని పదమూడవ శతాబ్ది పండితుడు తోమా అక్వినాసు వాదము. సూర్యుడున్నంతవరకే గాలిలో వెలుగున్నట్లు, దేవుడు ధరించినంతవరకే జగత్తునకు ఉనికి. బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుడు బోధించిన అంతర్యామి తత్త్వమునకు ఇది ఎంత చేరువ! ఐనను రామానుజులు జగత్తును ఈశ్వరునికి శరీరమనిరి. క్రైస్తవులు ఆ మాట చెప్పరు.

ఇక ఈ భావము మన భాషలోనికి వచ్చిన వృత్తాంతము. పదునేడవ శతాబ్ది ఆరంభమున మధురలో రాబర్టు నోబిలి అను ఇటలీ దేశీయుడు శివధర్ముడను తెలుగు బ్రాహ్మణునియొద్ద సంస్కృతము నేర్చెను. తన దేవునికి 'సర్వేశ్వర' శబ్దమును వాడెను. నేటికిని తెలుగు కథోలికులు ఆ పేరుతో ప్రార్థింతురు. 1740ల దశకమున బెంజమిన్ షుల్జ్ జర్మనీలోని హాలె నగరమున తెలుగు మతపుస్తకములను అచ్చువేయించెను. 1805లో విశాఖపట్టణము చేరిన క్రాన్, డెగ్రాంజిలు ఆనందరాయరు అను బ్రాహ్మణుని తోడ్పాటుతో సువార్తలను అనువదించిరి. పురుషోత్తమ చౌదరి (1803–1890) ఆ భక్తిని రాగతాళములలో పాడెను.

అనువాదమున హెబ్రీ భాషలోని 'బారా' అను క్రియకు తెలుగులో 'సృజించు' అను మాట నిలిచినది. ఆ హెబ్రీ క్రియకు ఈ అర్థమున దేవుడొక్కడే కర్త. కాని మన 'సృజ్' ధాతువునకు అర్థము విసర్గము, అనగా తననుండి వెలువరించుట. శూన్యమునుండి అని చెప్పదలచినవారు "తననుండి" అను ధ్వని గల మాటను గ్రహించిరి. తెలుగు క్రైస్తవుడు ప్రార్థించునప్పుడు ఉపనిషత్తులోని సాలెపురుగు అతని నాలుకపై అజ్ఞాతముగా నడయాడుచునే ఉన్నది.

కడపట ఒక ప్రశ్న మిగులును. కర్త ఒక్కడే ఐనచో ఒకడు అంధుడుగా, ఒకడు ధనికుడుగా ఏల పుట్టును? బ్రహ్మసూత్రములలో వైషమ్య నైర్ఘృణ్య దోషమును అనాదికర్మతో పరిహరించిరి. కాశీలో నీలకంఠ గోరే శాస్త్రి యౌవనమున 'శాస్త్రతత్త్వవినిర్ణయము' రచించి క్రైస్తవ మతమును ఎదిరించెను. 1848లో క్రైస్తవము స్వీకరించి, పిదప 'షడ్దర్శనదర్పణము'లో మన దర్శనములనే ప్రశ్నించెను: కర్మ, జీవులు, పరమాణువులు అన్నియు అనాదులైనచో ఈశ్వరుడు దేనికి కర్త?

ఈ రెండు ప్రశ్నలును గంభీరములే. మొదటిదానికి బదులు చెప్పు భారము క్రైస్తవునిది; రెండవదానికి మనది. మన ఇంటి యువకుడు ఒకనాడు వచ్చి రెండవ ప్రశ్న అడిగినచో, కోపము సమాధానము కాజాలదు. ఈశ్వరునికంటె వేరుగా ఉపాదానము లేదని చెప్పు శారీరక మీమాంసను మనమే చదివి ఉండవలెను. పొరుగువాని సిద్ధాంతమును యథాతథముగా తెలిసికొన్నవానికే తన సిద్ధాంతపు లోతు గోచరించును.